గుడ్డ కప్పని దీమం

మా పరిశోధన కేంద్రంలో ఓబులేసుకు మేమిచ్చిన ఉద్యోగం పేరు కాపలాదారు. కౌజు పిట్టల్ని పలికించే మనిషికి జీతమివ్వడానికి ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా గడి లేదు మరి. ఆయన పిట్టకు మాత్రం గడి దొరికింది. దాన్ని నమూనా ఏడు అని రాసుకున్నాం. దాని పేరు బంగారి.

తొలిరోజు ఆయన పంజరాన్ని కంబళి కింద దాచుకుని వచ్చాడు. అడవి పిట్టను ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుందని ఆయనకు తెలుసు. నేను అనుమతి పత్రం చూపించి, "ఇక దాచుకోనక్కర్లేదు పెద్దాయనా, ఇది ఇప్పుడు మా కేంద్రం పిట్ట" అన్నాను. ఆ మాట ఎంత పొగరుగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన కాగితం వంక చూశాడు, పంజరం వంక చూశాడు.

"మీ పిట్టే మేడమ్మా. గింజలు మాత్రం నేనేస్తాలే" అన్నాడు.

దీమం అంటే ఎర పిట్ట. అది పొదల మధ్య కూర్చుని కూస్తే, తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందని అడవి కౌజుకు రోషం వస్తుంది. బదులు కూస్తూ తగవుకు వస్తుంది. వచ్చినదాన్ని వలేసి పట్టడం ఓబులేసు తాతల నాటి పని. చట్టం వచ్చాక వలలు పోయాయి, తిండి పోయింది, పిట్టను మచ్చిక చేసే విద్య ఒక్కటి ఈయన దగ్గర మిగిలింది.

గువ్వలబోడు కొండ మీద ఒకప్పుడు పొద్దు పొడిస్తే కౌజుల అరుపులకు చెవులు గింగురుమనేవట. నేను వెళ్లేనాటికి మూడు మైళ్లు నడిస్తే ఒక్క కూత వినబడేది. కారణాలు తెలియనివేం కావు. శెనక్కాయ చేలల్లో మందులు కొట్టి పురుగుల్ని చంపేశారు, కౌజు పిల్ల మొదటి మూడు వారాలు పురుగు తప్ప ఇంకేం తినదు. పొదలు నరికేశారు. గడ్డి తగలబెట్టారు. ఊరకుక్కలు కొండెక్కాయి. ఇవన్నీ నాకంటే ముందే చాలామంది రాశారు. నాకు తట్టింది ఇంకొకటి. మిగిలిన నాలుగు పిట్టలూ ఒకదాని కూత ఒకదానికి వినబడనంత దూరమైపోయాయి. ఇరుగుపొరుగు కూత లేని కొండ మీద కౌజు కాపురం పెట్టదు. కొండకు ముందు ఇరుగుపొరుగు సద్దు తెచ్చిపెడితే పిట్టలు వాటంతటవే వస్తాయని నా ఆలోచన.

దానికోసం పదకొండేళ్లు కష్టపడి ఒక పెట్టె తయారుచేశాను. అరచేతిలో ఇముడుతుంది. నెత్తిన సోలార్ పలక, లోపల ఒక చెవి, ఒక గొంతు. తెల్లవారగానే కేంద్రం నుంచి కబురందుతుంది, పెట్టె కూస్తుంది. బదులు వస్తే వింటుంది, లెక్క రాసుకుంటుంది, ఏ కూతకు బదులు బాగా వచ్చిందో చూసుకుని తన గొంతును సవరించుకుంటుంది. దానికి గొంతు నేర్పించడానికే నాకు బంగారి కావలసివచ్చింది.

నాలుగు ఉదయాలు కొండ మీద కూర్చున్నాం. బంగారి పంజరంలో నిక్కి నిలబడి 'కటీతర్, కటీతర్' అని కూసేది. పెట్టె వినేది. మొదటిరోజు పెట్టె కూతకు ఓబులేసు కడుపు పట్టుకుని నవ్వాడు. "పిల్లి తొక్కినట్టుండాది" అన్నాడు. మూడోరోజుకి నవ్వడం మానేశాడు. నాలుగోరోజు పెట్టె కూస్తే బంగారే పంజరంలో తిరగబడి దాంతో తగవుకు దిగింది. అవతలి వాలులో అడవి కౌజు ఒకటి బదులిచ్చింది.

"నా పని పాయ మేడమ్మా" అన్నాడు. బాధేం కనబడలేదు, ముచ్చటగానే అన్నాడు.

ఆ నాలుగు ఉదయాల్లోనూ ఆయన ఒక పని తప్పకుండా చేసేవాడు. అడవి పిట్ట మూడుసార్లు బదులివ్వగానే పంజరం మీద పాత చీర ముక్క కప్పేసేవాడు. బంగారి నోరు మూసుకునేది. నాకు చిరాకేసేది, ఇంకా రికార్డు చేసుకోవాల్సింది చాలా ఉంది కదా.

"ఎందుకు కప్పుతారు పెద్దాయనా?"

"అట్లే కప్పుతాం."

"కప్పకపోతే?"

ఆయన తల గోక్కున్నాడు. "మా నాయన కప్పేటోడు. చోటు చెడిపోతాదని అనేటోడు."

నా నోటు పుస్తకంలో ప్రతి పేజీకీ రెండు గడులు గీసుకునేదాన్ని. ఎడమ గడి పద్ధతి, కుడి గడి ఆచారం. పిట్టను ఎంత దూరంలో పెట్టాలి, గాలి ఏ వైపు ఉండాలి, ఇవన్నీ ఎడమ గడిలో రాశాను. గుడ్డ సంగతి కుడి గడిలో రాశాను. పిట్ట అనేది లేని కొండ మీద దీమం నోరు తెరవదని, ఒక్కటున్నా చాలు కూస్తుందని ఆయన ఇంకోరోజు అన్నాడు. అదీ కుడి గడిలోకే పోయింది.

రెండువందల పన్నెండు పెట్టెలు కొండంతా అమర్చేరోజున ఓబులేసు ఒక పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి గుడ్డ యాడ?" అని అడిగాడు. అక్కడున్నవాళ్లందరం నవ్వాం. నేనూ నవ్వాను. అందరితోపాటు ఆయనా నవ్వి ఊరుకున్నాడు. మేం చదువుకున్నవాళ్లం గదా, పెట్టెలోపల ఏదో ఏర్పాటు చేసే ఉంటామని అనుకున్నాడట.

మొదటి ఏడు మాకు పట్టపగ్గాల్లేవు. నిజంగానే పిట్టలు వచ్చాయి. చుట్టుపక్కల కొండల్లో చెదిరిపోయినవి ఒక్కొక్కటీ గువ్వలబోడు చేరాయి. కళ్లారా చూశాను. లెక్క ఆరువందలు దాటింది, వెయ్యి దాటింది. మా డైరెక్టర్ గరుడాచలం గారు ఆ అంకెను తన గది గోడ మీద పెద్ద తెర పెట్టించి అందులో చూపించేవారు. ఆ అంకె చూసే ప్రభుత్వం గువ్వలబోడును రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అప్పటికే కొండ అడుగున రాతి గని కోసం గుర్తులు పాతి ఉన్నాయి. వాటిని పీకి పారేశారు. ఆరోజు ఓబులేసు ఇంట్లో ఆయన భార్య లచ్చుమక్క నాకు రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి పెట్టింది. ఆ కొండ మీద వాళ్ల పెళ్లినాటి నుంచి ఏరుకొచ్చిన కట్టె, తేనె, గడ్డల గురించి చెప్పి, "మా కొండ మాకుంచినావు" అంది. పొంగిపోయాను.

రెండో ఏడు ముంగారు వానలు పడ్డ వారానికి ఓబులేసు కేంద్రానికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మేడమ్మా, పిల్లలు లేవు."

"ఏ పిల్లలు?"

"కౌజు పిల్లలు. తొలి వానకు ఉసిళ్లు లేస్తాయి గదా, తల్లి పిల్లల్ని యెంటేసుకుని దావలోకి వస్తాది. వారం నుంచి కొండంతా తిరుగుతాండా. ఒక్క తల్లి లేదు."

గోడ మీది అంకె ఆరోజు రెండువేల తొమ్మిదివందలు. నేను దాన్ని చూపించాను. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

అయినా నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది. వెతకడం మొదలుపెట్టాను. మందుల ప్రభావమేమోనని మట్టి తవ్వి చెదల్ని లెక్కపెట్టాను, చెదలు పుష్కలంగా ఉన్నాయి. కుక్కలకు కాపలా పెట్టాను. గడ్డి ఎత్తు కొలిచాను, మోకాలి దాకా ఉంది. పాములు, ముంగిసలు, ఎండ, అన్నీ చూశాను. ప్రతి కారణంలోనూ కాస్త నిజం ఉండటమే నా ఖర్మ. ఒకదాని వెంట ఒకటి పట్టుకుని పోతూ ఏడాది పోగొట్టుకున్నాను. ఈలోగా గూళ్లు కొన్ని దొరికాయి. రేగుపొద మొదట్లో గుంట, గుంటలో ఆరేడు గుడ్లు. పగల్లేదు, ఎవరూ తినలేదు. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. తల్లి లేచిపోయింది.

ఓబులేసు ఒక గుడ్డును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. దగ్గర్లోనే మా పెట్టె ఒకటి కూస్తోంది. దానికి ఇంకోటి బదులిస్తోంది.

"ఇది ఎప్పుడు గమ్మునుంటాది మేడమ్మా?"

"ఉండదు పెద్దాయనా. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కూస్తుంది."

"దినమూనా? గుడ్ల కాలంలో గూడానా?"

నేను తలూపాను. ఆయన గుడ్డును మళ్లీ గుంటలోనే పెట్టాడు. అప్పుడు చెప్పాడు, ఇన్నాళ్లూ నేను సరిగ్గా అడగని సంగతి. దీమం రోజూ ఒకేచోట కూస్తే ఆ చోటున్న మగపిట్ట మొదట రోషపడుతుంది. ఎన్ని కూతలకు బదులిచ్చినా అవతలివాడు తగ్గకపోతే, వెళ్లకపోతే, ఈ చోటు నాది కాదని దిగులు పడుతుంది. పెట్టతో సహా లేచిపోతుంది. చుట్టూ జనం కిక్కిరిసిన చోట పిల్లల్ని కనడానికి పెట్టకూ ధైర్యం రాదు. అందుకే మూడు బదుళ్లు కాగానే కప్పెయ్యాలి. అడవి పిట్ట గెలిచాననుకోవాలి.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. అరవడానికి నాకు హక్కేముంది?

"గుడ్డ యాడ అని అడిగినా గదా" అన్నాడాయన, మెల్లగా.

మర్నాడు పొద్దున్నే నేనొక పని చేశాను. మూడు రోజులపాటు పెట్టెల నోళ్లన్నీ మూయించాను, చెవులు మాత్రం తెరిచి ఉంచాను. నూట నలభయ్యో పెట్టె ఒక్కటి నా చేతిలో లేదు. మొదటి వానాకాలంలో ఏదో వంకలోకి కొట్టుకుపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. తక్కినవన్నీ నోరు మూసుకున్నాయి.

గోడ మీది అంకె అప్పటికి నాలుగువేల మూడువందల పదహారు. పెట్టెలు నోరు మూసిన మొదటి ఉదయం అది సున్నా అయింది.

అప్పుడర్థమైంది. పెట్టె కూస్తే ఇంకో పెట్టె వింటోంది, పిట్టే అనుకుని బదులిస్తోంది, ఆ బదులును మొదటి పెట్టె ఒక పిట్టగా రాసుకుంటోంది. వాటికి గొంతులు మార్చుకోవడం నేర్పించింది నేనే కనుక ప్రతి కూతా కొత్త పిట్టదిలా ఉంది. బతికున్న పిట్టలు ఎప్పుడు లేచిపోయాయో ఎవరికీ తెలియదు. ఏడాదిగా మేం లెక్కపెట్టింది మా పెట్టెల్నే.

మూడు ఉదయాలూ ఓబులేసు బంగారిని తెచ్చి కొండ నెత్తిన పెట్టాడు. గుడ్డ తీశాడు. బంగారి మెడ చాచి నాలుగు దిక్కులూ చూసి, రెక్కలు ముడుచుకుని పంజరం మూలన కూర్చుంది. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

గరుడాచలం గారు చెడ్డ మనిషి కాదు. నేను చెప్పిందంతా విన్నారు. నీళ్ల గ్లాసు నా వైపు జరిపారు.

"మీరు చెప్పింది నిజమేనండీ. కానీ పిట్టలు లేవని రాస్తే ఏమవుతుందో ఆలోచించారా? అంకె మీదే కదా ఆ కొండ నిలబడింది. నెల తిరక్కుండా రక్షణ ఎత్తేస్తారు. గని వాళ్లు కాచుకుని ఉన్నారు."

"పెట్టెలు కూస్తున్నంతకాలం పిట్టలు తిరిగి రావు సార్."

"కొండే లేకపోతే ఎక్కడికి వస్తాయి?"

ఆ సాయంత్రం నా చేత్తోనే పెట్టెలన్నిటికీ మళ్లీ నోళ్లు తెరిచాను. అంకె పైకి ఎగబాకింది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను.

ఓబులేసుకు ఏం చెప్పాలో తెలియక వారం రోజులు ఆయన ముఖం తప్పించుకుని తిరిగాను. ఆయనే తలుపు తట్టి అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. కూయిస్తే పిట్టలు రావు, మాన్పిస్తే కొండ ఉండదు. ఆయన అంతా విని, "సరేలే మేడమ్మా, నువ్వు మాత్రం ఏం జేస్తావు" అన్నాడు. ఆ మాటకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాతి చైత్రంలో, గుడ్ల కాలం మొదలవగానే, గోడ మీది అంకె పడిపోవడం మొదలైంది. రోజుకు ఏడెనిమిది వందల చొప్పున ఆరు రోజుల్లో సున్నాకు వచ్చింది. నేను కొండ అడుగుకు చేరేసరికే అటవీ సిబ్బంది ఓబులేసును పట్టుకుని జీపులో దించుతున్నారు. ఒక చేతిలో పంజరం, భుజాన మూట. మూటలో చీర ముక్కలు.

పెట్టెలన్నిటికీ గుడ్డలు కప్పాడు. సోలార్ పలకల మీద గుడ్డ పడి అవి ఒక్కొక్కటే చచ్చిపోయాయి. లచ్చుమక్క చీరలన్నీ చింపేశాడు. జీపు దగ్గర నిలబడి పైకి చూస్తే కొండ పొడుగునా ఎర్రవి, పచ్చవి, నీలివి గుడ్డలు గాలికి రెపరెపలాడుతున్నాయి. కొండ ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. ఆ మూడు ఉదయాల్ని మినహాయిస్తే, మూడేళ్లలో అదే మొదటిసారి, కూతల వేళ ఆ కొండ మీద గాలి చప్పుడు నాకు వినబడటం.

కేసు ఇలా రాశారు. కేంద్రానికి చెందిన నమూనా ఏడును దొంగిలించి, దాన్ని ఎరగా వాడి, యంత్రాల్ని పాడుచేసి, నాలుగువేల పైచిలుకు కౌజుల్ని వేటాడాడు. పేపర్లో కూడా వచ్చింది.

"ఒక్క ముసలాయన, ఒక్క పంజరం, ఆరు రోజుల్లో నాలుగువేల పిట్టలా?" అన్నాను గరుడాచలం గారితో.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంకె ఉంది, అంకె పోయింది. మధ్యలో పంజరంతో మనిషి దొరికాడు. వేటలో పోయిన పిట్టలైతే చట్టం కొండకు అయిదేళ్లు గడువిస్తుందండీ, తిరిగి పెరగడానికి. పెట్టెలు కూడా కేసు తేలేదాకా ముట్టుకోకూడదు. ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి."

నేను సాక్ష్యం చెప్పి తీరాలనుకున్నాను. అక్కడ పిట్టలే లేవు, ఆయన ఏమీ పట్టలేదు అని ఒక్క మాట రాస్తే ఆయన బయటికొస్తాడు. కాగితం రాసుకునే వెళ్లాను. సబ్‌జైలు కటకటాల అవతల ఓబులేసు దాన్ని నా చేత చదివించుకున్నాడు.

"ఇది వద్దు మేడమ్మా."

"చేయని నేరానికి లోపల ఉంటారా పెద్దాయనా?"

"కొండ గమ్మునుందా?"

"ఉంది."

"అయిదేండ్లు గమ్మునుంటాదంట గదా, సారు చెప్పి పంపినాడు." ఆయన కటకటాలు పట్టుకుని దగ్గరికి వంగాడు. "నేనే పట్టినానని రాయి. చేయని నేరం అంటాండావు. చేసినా గదా. బంగారిని తెచ్చి నీ చేతికిచ్చింది నేనే గదా."

ఆయనే బుజ్జగిస్తున్నట్టు చెప్పాడు. "దినమూ పొద్దున కొండ మీదికి తీస్కపో దాన్ని. కూస్తే కూయనీ. బదులొస్తే లెక్కబెట్టుకో. మూడు. మూడుకు కప్పెయ్యి. మరవొద్దు."

నేను ఆ కాగితం చింపేశాను. గరుడాచలం గారు రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. సంతకం పెట్టింది నేనే, నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

లచ్చుమక్క దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె ఒంటి మీద ఉన్న చీర ఒక్కటే మిగిలింది. నేను కొత్త చీరలు తీసుకెళ్లాను, వాటిని ముట్టుకోలేదు.

"మా ఆయనకు కొండ కావాల. నీకు పిట్టలు కావాల. నాకు మా ఆయన కావాల" అంది. "ఈ మాట యాడ రాస్తావు, నీ పుస్తకంలో?"

నోటు పుస్తకం నా సంచిలోనే ఉంది. దాన్ని బయటికి తీయలేదు.

కోర్టులో అడిగి బంగారిని నా దగ్గరుంచుకున్నాను, నమూనా కదా. రోజూ పొద్దున్నే పంజరం తీసుకుని గువ్వలబోడు ఎక్కుతున్నాను. గుడ్డ తీస్తాను, కూర్చుంటాను. ఎండెక్కాక గుడ్డ కప్పి దిగివస్తాను. వైశాఖం పోయింది, జ్యేష్ఠం పోయింది, బంగారి నోరు మెదపలేదు. పైన ఓబులేసు కట్టిన గుడ్డలు ఎండకు వెలిసిపోయాయి. ఆయన ఆరోగ్యం బాగాలేదని కబురొచ్చింది. బెయిలు మూడోసారి కూడా రాలేదు.

నిన్న పొద్దున బంగారి లేచి నిలబడింది. మెడ చాచింది. 'కటీతర్, కటీతర్' అని కూసింది.

ఒక్కటున్నా చాలు కూస్తుంది అన్నాడాయన. కదలకుండా కూర్చున్నాను. కింద వంక వైపు నుంచి బదులొచ్చింది. ఒకటి.

బంగారి మళ్లీ కూసింది. మళ్లీ బదులు. రెండు.

అప్పుడు గుర్తొచ్చింది నూట నలభయ్యో పెట్టె. అది కొట్టుకుపోయింది వంకలోకే. కేంద్రం నుంచి కబురందక తనంతట తాను కూయదు, కానీ ఏదైనా కూత దాని చెవిన పడితే బదులిస్తుంది. పలక మీద కాస్త ఎండ తగిలితే చాలు. దానికి ఓబులేసు గుడ్డ కప్పలేదు, అది ఎక్కడుందో ఆయనకూ తెలియదు.

చెవులు రిక్కించి విన్నాను. పదకొండేళ్లు పక్షుల గొంతులు విన్న మనిషిని. పిట్టా, పెట్టా? తేడా తెలియకూడదనే కదా దాన్ని తయారుచేశాను. తేడా చెప్పగల చెవి ఒక్కటే ఉంది, అది కటకటాల వెనకాల ఉంది.

వంకలోకి దిగి చూడొచ్చు. పిట్టే అయితే, గుడ్ల మీద ఉంటే, నా అలికిడికి లేచిపోతుంది. దిగలేదు.

మూడో బదులొచ్చింది.

లచ్చుమక్క చీర ముక్కను పంజరం మీద కప్పాను. బంగారి నోరు మూసుకుంది. వంకలోంచి ఆ గొంతు ఇంకొక్కసారి కూసింది, గెలిచినట్టు. నేను పంజరాన్ని ఒళ్లో పెట్టుకుని, కప్పిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని, ఎండెక్కేదాకా అక్కడే కూర్చున్నాను.